అర్థాల పట్టికకు అవతల - చిన్న తరగతుల్లో పదబోధన

బాసర పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది అక్షరాభ్యాసం. తెలంగాణ పల్లెల నుంచే కాక మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి కూడా తల్లిదండ్రులు పిల్లల్ని చంకనేసుకొని గోదావరి ఒడ్డునున్న ఈ సరస్వతీ ఆలయానికి వస్తారు. పసివాడి వేలు పట్టి పలకమీద అక్షరాలు దిద్దిస్తారు. అక్షరానికి మన సమాజం ఇచ్చే గౌరవం అది. అయితే పలక పట్టేనాటికే ఆ పసివాడి నోట ఎన్నో మాటలున్నాయన్న సంగతిని ఆ గౌరవం మాటున మనం మరిచిపోతున్నాం. అక్షరం బడి ఇచ్చేది. మాట ఇల్లూ, వాడా, పనీ ఇచ్చినది. బడి తాను ఇచ్చేదాన్ని లెక్కిస్తుంది గాని పిల్లవాడు వెంట తెచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోదు. చిన్న తరగతుల్లో పదబోధన నిస్సారంగా తయారవడానికి మూలకారణం ఇదేనని నా అభిప్రాయం.

పదబోధన ఉపాధ్యాయ శిక్షణ సంస్థల వ్యవహారమనీ, సాహిత్య విమర్శకు దానితో పనిలేదనీ అనుకునేవారు మనలో ఉన్నారు. ఆ విభజన నిలవదు. సాహిత్యానికి పాఠకుడు తయారయ్యేది విశ్వవిద్యాలయంలో కాదు, రెండో తరగతిలో, మూడో తరగతిలో. తన ఇంటి మాటకు అచ్చులో చోటు లేదని ఆ వయసులో నమ్మినవాడు పుస్తకాన్ని పరాయివస్తువుగానే చూస్తాడు. ప్రజల భాషలో రాయాలని మనం ఎన్ని సభల్లో తీర్మానించుకున్నా, ఆ ప్రజల పిల్లలు తమ భాషను చూసి సిగ్గుపడడం నేర్చుకుంటున్నప్పుడు ఆ తీర్మానాలకు విలువేముంటుంది?

పట్టిక చేసే పని

మన బడుల్లో పదాలు నేర్పే పద్ధతి చాలాకాలంగా ఒకటే. పాఠం చివర రెండు నిలువు వరసలుంటాయి. ఎడమవైపు పదం, కుడివైపు అర్థం. ఉపాధ్యాయుడు వాటిని నల్లబల్ల మీద రాస్తాడు. పిల్లలు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటారు, ఇంటిదగ్గర మూడేసిసార్లు రాసుకొస్తారు, పరీక్షలో అప్పజెపుతారు. మాటమీద మాట అంటించే ఈ తంతులో వస్తువు కనిపించదు, పని కనిపించదు, మనిషి కనిపించడు.

'మేఘం - మబ్బు' అన్న జంటనే తీసుకుందాం. మా ప్రాంతపు పిల్లలు వానకు ముందు 'మొగులైంది' అంటారు. పట్టికలో మొగులు లేదు కాబట్టి అది తప్పుమాట అవుతుంది. నిజానికి పాత నిఘంటువుల్లో మొగులుకు మేఘమనే అర్థమిచ్చారు. కావ్యాల్లోని 'మొయిలు' దాని తోబుట్టువు, తమిళంలోని 'ముకిల్' దాని చుట్టం. మొగులు కొట్టేసి మబ్బు రాయించిన ఉపాధ్యాయుడు అనాగరికమైన మాటను దిద్దినట్టు అనుకుంటాడు. కొట్టేసింది ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తిలోని మాటను.

'క్షేత్రం - పొలం' మరొక జంట. రైతుబిడ్డకు 'పొలం' అనే మాట చాలదు. వరి పండేది మడి, వాన మీద ఆధారపడే మెట్టనేల చెల్క, పత్తికి పనికొచ్చే నల్లనేల రేగడి. ఈ తేడా వాడికి అన్నం పెట్టే తేడా. మూడు మాటలు తెలిసినవాడికి ఒకే మాట ఇచ్చి పదసంపద పెంచామనుకోవడం ఎంత విడ్డూరం!

మూడోది 'జీతం - వేతనం'. ఉద్యోగి ఇంటి పిల్లకు జీతమంటే నెల మొదట్లో వచ్చే డబ్బు. తెలంగాణ పల్లెలో 'ఫలానా పటేలు దగ్గర జీతమున్నడు' అంటే ఏడాది పొడుగునా మరొకరి కొట్టంలో, మరొకరి పొద్దుకు లేచి, మరొకరి పశువులను కాసిన బతుకు. తాత జీతగాడైన పిల్లవాడు ఈ పాఠం వింటున్నప్పుడు వాడి మనసులో కదిలేది వేతనం కాదు. పట్టిక ఆ చరిత్రను ఒక్క గీతతో దాటేస్తుంది. 1946 నుంచి 1951 దాకా ఈ నేలమీద సాగిన సాయుధ పోరాటానికి వెట్టి, గడి, జీతం వంటి మాటలే తెలుసు. వాటి అర్థం ఒక్క ముక్కలో రాయడం సులభం. వాటిని తెలుసుకోవడం వేరు.

ఒక మాట తెలియడమంటే దానికి మరో మాట చెప్పగలగడం కాదు. అది ఏ మాటల పక్కన నిలుస్తుందో, ఏ సందర్భంలో నోటికొస్తుందో, దేనికి చెల్లదో తెలియడం. పట్టిక వీటిలో ఒక్కటీ నేర్పదు.

మన ముందు నడిచినవాళ్ళు

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వ్యావహారిక భాషోద్యమానికి పెద్దగా మనం తలచుకునే గిడుగు రామమూర్తి (1863-1940) పర్లాకిమిడిలో పండితులతో వాదించడంతోనే ఆగలేదు. సవర భాష నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు రాశాడు, సవర పిల్లలకు బడి పెట్టాడు. పిల్లవాడి మాటతో మొదలుకాని చదువు చదువు కాదన్నది ఆయన ఆచరణలోని సారాంశం. మన సాహిత్య చరిత్రల్లో గ్రాంథిక వ్యావహారిక వివాదానికి పేజీలకు పేజీలు దొరుకుతాయి. సవర బడి మాత్రం పాదసూచికలోకి జారిపోయింది.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను, ఆయన అనుచరులను కాల్చిచంపాక, గోండుల స్థితిగతులను పరిశీలించే పని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. ఆ పథకం వెనక పాలకుల అవసరం ఉండనే ఉంది. తిరగబడిన ప్రజలను చల్లార్చడానికే అది పుట్టింది. అయినా గోండు పిల్లవాడి ముందు గోండు ఉపాధ్యాయుడు నిలబడి గోండి మాటతో పాఠం ప్రారంభించాడన్నది చిన్న సంగతి కాదు.

ఇక మిగతా తెలంగాణ సంగతి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. నిజాం పాలనలో పెద్దచదువుల దారి ఉర్దూదే. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక వాచకాల్లోకి తెలుగు వచ్చింది గాని, అది ప్రధానంగా కోస్తా విద్యావంతుల తెలుగు. 2014 తర్వాత ఇక్కడి రచయితలకు, ఇక్కడి నుడికారానికి వాచకాల్లో చోటు పెరిగింది. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాం. సంతోషమే. కాని పాఠం మారినంత తేలికగా పాఠం చివరి పట్టిక మారలేదు. తెలంగాణ మాటనే ఎడమ వరసలో పెట్టి కుడివైపు అర్థం రాయిస్తే, బట్టీయంలోకి మరో మాట చేరుతుందంతే.

బయటి ప్రపంచంలో కూడా ఈ దారిన నడిచినవాళ్ళున్నారు. న్యూజిలాండ్‌లో మావోరీ పసిపిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ ప్రతి పిల్లనూ 'నీకు ఏ మాట కావాలి?' అని అడిగి, ఆ మాటను అట్టముక్క మీద రాసి ఆ పిల్ల చేతికే ఇచ్చేది. భయం, ప్రేమ ముడిపడిన మాటలను పిల్లలు ఒక్క చూపుతో గుర్తుపెట్టుకున్నారని 1963లో వెలువడిన 'టీచర్' అనే పుస్తకంలో వివరించింది. సరిగ్గా అదే 1963లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని అంజికోస్‌లో పాలో ఫ్రెయిరీ బృందం సుమారు 300 మంది శ్రామికులకు నలభై గంటల బోధనతో చదువు నేర్పే ప్రయత్నం చేసింది. వాళ్ళ పనిలోంచి, వాళ్ళ నోటిలోంచి ఏరిన మాటలే వాళ్ళ వాచకం. ఇటుక అనే మాటతో మొదలుపెట్టినవాడు ఇటుక ఎవరు చేస్తారు, ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నదాకా వెళతాడు. 1964లో సైనిక కుట్ర జరగగానే ఆ కార్యక్రమం ఆగిపోయింది, ఫ్రెయిరీ జైలుపాలై దేశం విడిచాడు. మాటలు నేర్పడం అమాయకమైన పని కాదని పాలకులకు మనకంటే ముందే తెలుసు.

తరగతి గదిలో

సిద్ధాంతం సరే, నలభై నిమిషాల పీరియడులో ఏం చేయాలి? ఉపాధ్యాయుడిగా నేను నడుపుతున్న పద్ధతులను ఇక్కడ వివరిస్తాను. వీటికి ఖర్చు లేదు. పిల్లలకు ఆసక్తి కలిగించాలంటే రంగుల బొమ్మలు, పాటలు, బహుమతులు ఉండాలనే అభిప్రాయం ఒకటుంది. నేను గమనించినంతలో పిల్లవాడికి అన్నిటికంటే ఎక్కువ ఆసక్తి కలిగించేది తనకు తెలిసినదానికి తరగతిలో విలువ దొరకడం.

మొదటిది 'ఇంటిమాట'. రోజుకు ఇద్దరు పిల్లలు తమ ఇంట్లో పనిచేసేటప్పుడు వాడే మాట ఒక్కొక్కటి తేవాలి. తల్లి బీడీలు చేసే పిల్ల తునికాకు, తంబాకు, చాట, కట్ట తెస్తుంది. గంగమీద చేపలు పట్టే ఇంటి పిల్లవాడు పుట్టి, తెడ్డు, వల, మడుగు తెస్తాడు. అన్నట్టు, మా పిల్లలకు గోదావరి ముందు గంగే. పుస్తకం చదివాకే అది గోదావరి అవుతుంది. పశువులున్న ఇంటివాడు లేగ, పెయ్య, కోడె, దుడ్డె తెస్తాడు. తెచ్చినవాడే ఆ మాటను మిగతావాళ్ళకు విప్పి చెప్పాలి. 'పెయ్యను కోడె అనొచ్చా?' అని నేను అడుగుతాను. 'అనరాదు సార్. పెయ్య ఆవుకు పుట్టింది, ఆడిది, ఇంకా ఈనలేదు' అంటుంది ఎనిమిదేళ్ళ పిల్ల. జాతి, లింగం, దశ - మూడూ వచ్చాయి. నిఘంటుకారుడు ఇంతకంటే ఏం రాస్తాడు? నిర్వచనం ఎలా కట్టాలో ఆ పిల్ల వ్యాకరణం చదవకుండానే చేసి చూపింది. ఆ తర్వాత పాఠంలోని కొత్తమాటకు అదే కొలత పెట్టి నిర్వచించమంటే వెనకాడదు.

రెండోది దగ్గరి మాటల మధ్య తేడా. చీటీలమీద పాకడం, దేకడం, కుంటడం, తూలడం, ఉరకడం అని రాసి మడిచిపెడతాను. చీటీ తీసినవాడు నోరు మెదపకుండా చేసి చూపాలి. మిగతావాళ్ళు మాట చెప్పాలి. పాకడానికీ దేకడానికీ దగ్గర తగాదా వస్తుంది. చేతులూ మోకాళ్ళూ ఆనిస్తే పాకడమనీ, పిర్రలమీద జరిగితే దేకడమనీ పిల్లలే తీర్పు చెప్పుకుంటారు. ఆ తగాదానే నాకు కావలసింది. సమానార్థకాల పట్టిక రెండు మాటలు ఒకటేనని చెబుతుంది. భాష బతికేది రెండు మాటలు ఒకటి కాకపోవడం మీద. రచయితకు కావలసిన మొదటి విద్య కూడా అదే కదా!

మూడోది మాటల కుటుంబాలు. చేయి అనే మాట నల్లబల్ల నడుమ రాస్తే చేనేత, చేబదులు, చేసంచి, చేతికర్ర చుట్టూ చేరతాయి. అప్పుడు, చేయిని తెలుగులో 'కై' అని కూడా అన్నారని చెప్పి కైవసం, కైమోడ్పు రాస్తాను. 'మరి కైకిలి?' అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. రోజుకూలికి పోవడాన్ని మా దగ్గర కైకిలి అంటారు. చేతి కష్టానికి వచ్చే కూలి అని మాటలోనే ఉంది. నిన్నటిదాకా మొరటుమాట అనుకున్నదానిలో ఇంత లోతు ఉందని తెలిసినప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి. ఆదివాసీ పిల్లలున్న బడుల్లో ఈ అభ్యాసం ఇంకా పండుతుంది. గోండి పిల్లవాడు రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెడితే తెలుగు పిల్లవాడు రెండు, మూడు, నాలుగు అంటాడు. ఎవరి భాష ఎవరికి చుట్టమో ఉపన్యాసం అక్కరలేదు.

నాలుగోది తెలిసిన మాట నుంచి తెలియని మాటకు వంతెన. అయిదో తరగతిలో జరిగిన సంగతి చెబుతాను. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. దాని నీటి నిలువ బాసర వైపు దాకా పరుచుకొని ఉంది. ఆనకట్టల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో సాగునీరు ఉంది, విద్యుత్తు ఉంది. ఒక పిల్లవాడు 'ముంపు' అన్నాడు. వాళ్ళ తాత తరచు అనే మాటట. ముంపులో ఏమేం మునుగుతాయని అడిగితే ఇల్లు, చేను, చింతచెట్టు, గుడి, బొందలగడ్డ అని వరసగా చెప్పారు. అప్పుడు 'నిర్వాసితుడు' అనే మాట రాశాను. 'నిరాశ్రయుడు' అనే మాట కూడా దాని పక్కన రాసి, రెండూ ఒకటేనా అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్లవాడే అన్నాడు: 'ఇల్లు లేనోడు వేరే, ఉన్న ఇల్లు పోగొట్టినోడు వేరే సార్.' అర్థాల పట్టిక ఆ తేడాను ఎన్నేళ్ళకు నేర్పగలదు? సోవియట్ మనోవిజ్ఞాని వైగోట్‌స్కీ 1934లో వెలువడిన గ్రంథంలో చెప్పినది ఇదే. అనుభవంలోంచి వచ్చిన భావన కిందినుంచి పైకి ఎదుగుతుంది, బడి ఇచ్చే శాస్త్రీయ భావన పైనుంచి కిందికి దిగుతుంది. రెండూ కలిసినచోట అవగాహన పుడుతుంది. ముంపు లేకుండా నిర్వాసితుడు వట్టి శబ్దం. నిర్వాసితుడు అనే మాట లేకుండా ముంపు ఒక్క ఇంటి ఏడుపుగానే మిగులుతుంది. సామాన్యీకరించే శక్తి కొత్తమాట ఇస్తుంది, అందులో ప్రాణం పాతమాట పోస్తుంది.

అయిదోది సొంతవాక్యాల పరీక్ష. 'పట్టుదల' అనే మాటకు 'రాముకు పట్టుదల ఎక్కువ' అని రాసి పిల్లలు మార్కులు తెచ్చుకుంటారు. పట్టుదల తీసేసి జ్వరం పెట్టండి, కోపం పెట్టండి, బద్ధకం పెట్టండి, వాక్యం చెక్కుచెదరదు. అంటే ఆ వాక్యం పట్టుదల గురించి ఏమీ చెప్పలేదు. మా తరగతిలో నియమం ఒకటే: మాట తీసేసి చదివితే మిగతా వాక్యమే ఆ మాటను పిలవాలి. 'మూడుసార్లు గాలం తెగినా పట్టుదలతో నాలుగోసారి వేసిండు' అని ఒకడు రాశాడు. అక్కడ జ్వరం చెల్లదు, బద్ధకం చెల్లదు. పొడుపుకథలు కట్టించడం కూడా ఈ కోవలోనిదే. 'ఆకును కోస్తది, చెట్టును ముట్టది' అని బీడీలాకు కత్తెరమీద ఒక పిల్ల కట్టింది. మాట చెప్పకుండా మాటను చూపడం అది.

చివరగా, పాఠానికి ఇరవై మాటలు కాదు, నాలుగయిదు చాలు. ఒక మాటను ఒక్కరోజు పదిసార్లు రాయించడం కంటే పదిరోజుల్లో పదిసార్లు ఎదురుపడేలా చేయడం మేలు. సోమవారం పాఠంలో వచ్చింది బుధవారం కథలో, శనివారం ఆటలో మళ్ళీ రావాలి. వచ్చిన మాటలన్నీ ఒక పొడుగు నోటుపుస్తకంలో అకారాది క్రమంలో చేరతాయి. ఇంటిమాట, పుస్తకమాట, ఏది ఎక్కడ వాడాలి - ఇవి మూడు గడులు. అసలు చదువంతా మూడో గడిలో ఉంది.

మరి ప్రామాణిక భాష?

'ఇలా చేస్తే పిల్లలు మాండలికంలోనే ఉండిపోరా? పోటీపరీక్షల్లో వెనకబడరా?' అని అడిగే తల్లిదండ్రుల ఆందోళన న్యాయమైనదే. ప్రామాణిక భాషను పేదపిల్లలకు అందకుండా చేయడం అభ్యుదయం కాదు, అది మరో రకం అన్యాయం. ఉన్నవాడి పిల్లకు ఆ భాష ఇంట్లోనే దొరుకుతుంది. లేనివాడి పిల్లకు బడి తప్ప మరో దారి లేదు. కాబట్టి నిర్వాసితుడూ నేర్పాలి, ప్రవాహమూ నేర్పాలి, క్షేత్రమూ నేర్పాలి. ప్రశ్న నేర్పాలా వద్దా అని కాదు. పాతమాటను చంపి నేర్పాలా, దానిమీద నిలబెట్టి నేర్పాలా అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత తీవ్రమైంది. 2018లో రాష్ట్రంలో తెలుగును పాఠశాలల్లో తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒకవైపు పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే పుస్తకాలు అచ్చువేశారు. కూలీలు తమ పిల్లలకు ఇంగ్లీషు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని ఎగతాళి చేసే హక్కు తమ పిల్లల్ని ఆ బడుల్లోనే చదివించిన మనకు అసలే లేదు. కాని రెండు వరసల పట్టిక మూడు వరసలది అయితే పిల్లవాడికి ఒరిగేదేమిటి? ఎదురెదురు పుటలు వంతెన కావాలంటే తెలుగు పుటలో పిల్లవాడి నేల కనిపించాలి. సరిహద్దు ఊళ్ళలో మరాఠీ ఇంటిభాషగా ఉన్న పిల్లలకు, అడవి ఊళ్ళలో గోండి, కొలామీ మాట్లాడే పిల్లలకు ఆ తెలుగు పుట కూడా పరాయిదేనని మరిచిపోరాదు. మొగులు కోసం వాదించే మనం వాళ్ళ మాటను కొట్టేస్తే మన వాదం మనమీదికే తిరుగుతుంది.

రచయితలు, విద్యార్థులు చేయగలిగినది

పిల్లలకోసం రాసేవాళ్ళు పుస్తకం చివర అర్థాల పట్టిక ఇవ్వడం మానుకోవచ్చు. తెలియని మాట కథలోనే రెండుమూడు చోట్ల, సందర్భమే అర్థం చెప్పేలా వచ్చేటట్టు రాయడం కష్టమే. ఆ కష్టం రచయిత పడాలి, పిల్లవాడు కాదు. మాండలికాన్ని హాస్యపాత్రల నోటికి మాత్రమే కేటాయించే అలవాటును విమర్శకులు నిర్దాక్షిణ్యంగా ఎత్తిచూపాలి. ఆ నవ్వు బడిలో పిల్లవాడి మీదికి దిగుతుంది.

సాహిత్య విద్యార్థులకు ఒక పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. జిల్లా జిల్లాకూ తిరిగి పనివాళ్ళ నోట విని సేకరించిన ఆ మాటలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఉన్నాయి. మూడో తరగతి గదికి చేరలేదు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చాక మేడి, కర్రు, కాడి అనే మాటలు ఇంట్లో కూడా వినపడడం తగ్గింది. తాతలున్నప్పుడే వాటిని రాసుకోవాలి. పరిశోధనకు అంశం దొరకలేదనే ఎం.ఏ. విద్యార్థి తన ఊరి బడిలో వారం కూర్చొని పిల్లలు తెచ్చే మాటలు రాసుకుంటే చాలు, అంశం అదే దొరుకుతుంది. ఆ రాతప్రతి నకలు ఒకటి ఆ బడికే ఇచ్చివస్తే, వచ్చే ఏడాది పిల్లలు దానికి కొత్తమాటలు కలుపుతారు.